బరువెంత, రోజులెన్ని?

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మావయ్య కొల్లేటి లంక గ్రామంలో పుట్టి, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో టోకు వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి. మేనకోడలు ఏలూరులో ఫిజియోథెరపిస్టు. స్నేహితురాలితో కలిసి నేపాల్లో ఎవరెస్టు బేస్ క్యాంపు దాకా నడవాలని బయల్దేరుతోంది. సామాను తగ్గించాలని ఆమె పట్టుదల, పెంచాలని ఆయన పట్టుదల. పల్లపు నేల నుంచి ఎత్తుకొండలకి వెళ్లే ఎవరింట్లోనైనా రావలసిన వాదనే ఇది. రాకుండా బయల్దేరితేనే ప్రమాదం.

మావయ్య: ఇదేనా అమ్మాయ్ సామానంతా? అంత మంచులోకి వెళ్తూ ఈ కాస్త సంచా? నేను తెచ్చినవి కూడా సర్దు. రెండు దుప్పట్లు, నాలుగు జతల నూలు బట్టలు, రెండు తువ్వాళ్లు, ఫ్లాస్కు, మీ అత్తయ్య చేసిన సున్నుండలు, కారప్పొడి, ఆవకాయ.

మేనకోడలు: కోప్పడకండి మావయ్యా. నడక మొదలయ్యే లుక్లాకి వెళ్లే చిన్న విమానంలో మనిషికి మామూలుగా 15 కిలోలే రానిస్తారు, అదీ చేతిసంచితో కలిపి. మీ సంచి ఒక్కటే పన్నెండు కిలోల పైన తూగేలా ఉంది. ఇంక నా సామాను ఎక్కడ పెట్టను?

మావయ్య: విమానం సంగతి తర్వాత. ముందు మనం ఎక్కడి వాళ్లమో చూసుకో. కొల్లేట్లో ఎత్తుని అడుగుల్లో లెక్కపెడతాం. ఐదో కాంటూరు దాకా అభయారణ్యమని 1999లో జీవో వచ్చింది. దాన్ని మూడో కాంటూరుకి దించాలా వద్దా అని ఇన్నేళ్లుగా వాదులాటే. ఆ రెండడుగుల తేడా మీద ఎన్ని చెరువులు, ఎన్ని కుటుంబాలు ఆధారపడ్డాయో నీకు తెలుసు. అలాంటి నేల మీద పెరిగినదానివి, నువ్వెక్కేది ఎన్ని అడుగులు?

మేనకోడలు: 5,364 మీటర్లండి. పదిహేడున్నర వేల అడుగుల పైమాట.

మావయ్య: మరి? అంత తేడా ఉన్నచోట ఒక దుప్పటి ఎక్కువైతే ఏం పోయింది?

మేనకోడలు: ఆ తేడా వల్లే దుప్పటి వద్దంటున్నాను. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి ఇక్కడున్నదాంట్లో సగం. ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువూ ఇంచుమించు సగమే. ఇక్కడ కాలవగట్టు మీద ఎనిమిది కిలోలు మోస్తే తెలియదు. అక్కడ ఆ ఎనిమిదే నాలుగడుగులకోసారి ఆపేస్తాయి. సంచిలో పెట్టే ప్రతి వస్తువుకీ నా ఊపిరితోనే వెల కట్టాలి.

మావయ్య: చలి చంపేస్తే ఊపిరి మిగిలి ఏం లాభం?

మేనకోడలు: చలికి చాలినన్నే పెట్టుకున్నానండి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన ఒక్క ఎత్తు వల్లే బేస్ క్యాంపు దగ్గర మనకన్నా 35 డిగ్రీలు తక్కువ. రాత్రయితే, గాలి లేస్తే ఇంకా దిగిపోతుంది. కాని దుప్పటి ఒంటి మీద నిలవదు, నడుస్తూ కప్పుకోలేను. ఒంటికి పట్టి ఉండే పలచటి పొర ఒకటి, దాని మీద ఫ్లీసు చొక్కా, పైన వానా గాలీ ఆపే జాకెట్టు. ఆగినప్పుడు వేసుకోవడానికి ఈకల జాకెట్టు, పడుకోవడానికి స్లీపింగ్ బ్యాగు. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి, ఆగగానే చల్లబడకముందే వేసుకోవాలి. పొరలుగా పెట్టుకుంటేనే అది కుదురుతుంది.

మావయ్య: పొరలంటున్నావు, అందులో ఒక్క నూలు బనీనైనా లేదే! మన ఒంటికి నూలే కదా పడేది?

మేనకోడలు: ఇక్కడ పడుతుంది. రాత్రి ఒక నూలు బనీనూ, ఒక ఉన్ని మేజోడూ తడిపి, గట్టిగా పిండి పెరట్లో తాడు మీద వేశాను. ఇప్పుడు ముట్టుకుని చూడండి. బనీను ఇంకా బరువుగానే ఉంది. వీపుకి ఆనిస్తే జిల్లుమని అంటుకుపోతుంది. మేజోడులోనూ తేమ ఉంది, కాని ఉన్నిపోగులు నిక్కపొడుచుకునే ఉన్నాయి, వాటి మధ్య గాలి ఉంది. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకున్నా వెచ్చదనం పూర్తిగా వదలదు. నూలు తడిని పట్టుకుని, ఒంట్లో వేడిని లాగేస్తుంది. మన ఎండల్లో మనకి కావలసింది అదే. మంచులో అదే ప్రాణం మీదికి తెస్తుంది.

మావయ్య: ఉన్ని గుణం ఏలూరు వాళ్లకి కొత్తగా చెప్పాలా? ఇక్కడి తివాచీలు ఉన్నితో నేసినవే కదా, దేశాలు దాటి వెళ్లాయి. సరే, నూలు బట్టలు తీసేస్తాను. లోపలి పొరలు రెండు జతలు ఉన్నివే పెట్టు, ఒకటి నడకకి, ఒకటి పొడిగా పడకకి. ఈకల జాకెట్టు కొన్నావా?

మేనకోడలు: కొనలేదు. కాఠ్మండులో తమేల్ వీధుల నిండా ఆ కొట్లే. జాకెట్టూ, స్లీపింగ్ బ్యాగూ అద్దెకిస్తారు. మళ్లీ ఏలూరులో దాంతో నాకు పనేముంది? కాకపోతే ఈకలు తడిస్తే ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. అందుకని మందపాటి పాలిథిన్ సంచులు పెట్టుకున్నాను. సంచికి పైన కవరున్నా, లోపల ఒక్కో వస్తువుకీ ఒక్కో మూట.

మావయ్య: బూట్లు కూడా అద్దెకేనా?

మేనకోడలు: బూట్లు మాత్రం ఎవరివీ పనికిరావు. చెప్పులకి అలవాటుపడ్డ పాదాలు మనవి, వేళ్లు విచ్చుకుని ఉంటాయి. అందుకే అరసైజు పెద్దవి కొని, కొన్న రోజు నుంచీ అవే వేసుకుని కాలవగట్టు మీద నడుస్తున్నాను. దిగేటప్పుడు బొటనవేలు ముందుకి కొట్టుకుంటుంది కాబట్టి గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి. బూట్లు సామాన్లో వెయ్యను, తొడుక్కునే విమానం ఎక్కుతాను. పెట్టె తప్పిపోతే మిగతావన్నీ అక్కడ దొరుకుతాయి, కాలికి అలవాటైన బూటు దొరకదు.

మావయ్య: అంతా బాగానే ఉంది. కాని నా మాటొకటి విను. ఒక పోర్టరుని పెట్టుకో, డబ్బు నేనిస్తాను. అప్పుడు నా సంచీ వస్తుంది, నీ వీపూ బాగుంటుంది, వాళ్లింట్లో పొయ్యీ వెలుగుతుంది. మొయ్యడం వాళ్ల జీవనాధారం. నీ పట్టుదల కోసం వాళ్ల కూలి ఎందుకు పోగొడతావు?

మేనకోడలు: పోర్టరు వద్దని నేననలేదు. మా ఇద్దరికీ కలిపి ఒకర్ని మాట్లాడుకున్నాం. మీరు చెప్పండి, ఆయన చేత ఎంత మోయించవచ్చు?

మావయ్య: మా మార్కెట్లో జట్టువాళ్లు యాభై కిలోల బస్తా వీపు మీద వేసుకుంటారు.

మేనకోడలు: ఎంత దూరం?

మావయ్య: లారీ దగ్గర్నుంచి కొట్లోకి. దించేసి ఊపిరి తీసుకుని మళ్లీ వస్తారు.

మేనకోడలు: అక్కడ దించడానికి కొట్టు ఉండదు మావయ్యా. డోకో అని వెదురుబుట్ట, దానికి నామ్లో అని పట్టీ. ఆ పట్టీ నడినెత్తికి తగిలించుకుని, బరువంతా మెడ మీద ఆనేలా రోజంతా ఎక్కుతారు. మెడ ఎముకల మీద బరువు ఏం చేస్తుందో నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పోర్టర్ల రక్షణ కోసం ఏర్పడ్డ అంతర్జాతీయ బృందం నేపాల్లో 30 కిలోలకి మించి మోయించొద్దని చెప్పింది. అందులో ఆయన సొంత బట్టలు, పడక కూడా కలిసే ఉండాలి. పైగా పోర్టర్లు చాలామంది కింది లోయల నుంచి వచ్చేవాళ్లే. ఎత్తు జబ్బు వాళ్లకీ వస్తుంది, చలి వాళ్లకీ చలే.

మావయ్య: ఆగు. ముప్పైలోంచి ఆయన సామాను ఓ ఆరేడు కిలోలు తీసెయ్. మిగిలింది ఇరవై మూడు, అది మీ ఇద్దరికీ. అంటే నీ వాటా పదకొండు. అది కూడా నిండా వెయ్యకూడదు. బస్తా నిండా కుక్కితే మోసేవాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. నీ వాటా తొమ్మిది కిలోలు దాటకూడదు. దుప్పట్లు తీసెయ్. తువ్వాళ్లు కూడా, ఒక పలచటి తుండుగుడ్డ చాలు. మరొకరి వీపు మీదికెక్కే బరువుని నేను తక్కెడలో తూచకుండా పంపను. ఆయనకి బూట్లూ కోటూ ఉన్నాయో లేదో నడక మొదలుపెట్టకముందే చూడండి. లేకపోతే మీరే కొనిపెట్టండి. జబ్బుపడితే ఆయన్నీ మీతోపాటే కిందికి దించండి. కూలి ఇచ్చేశాం కదా అని అక్కడితో చేతులు దులుపుకోకూడదు.

మేనకోడలు: ఇంకొకటుంది. పోర్టరు మాకంటే ముందే వెళ్లిపోతారు. ఆయన దగ్గరున్న సంచి మళ్లీ రాత్రి బసలోనే కనిపిస్తుంది. అందుకని వాన జాకెట్టు, ఈకల జాకెట్టు, తలకి కట్టుకునే దీపం, మందులు, నీళ్లు, కాస్త తిండి, గుర్తింపు కార్డు ఎప్పుడూ నా వీపు మీదే ఉండాలి.

మావయ్య: బాగుంది. ప్రాణానికి కావలసింది నీ వీపు మీద, సుఖానికి కావలసింది ఆయన వీపు మీద. అందుకే సుఖానికి హద్దు పెట్టుకోవాలి. గుర్తింపు కార్డంటే ఆధారేనా?

మేనకోడలు: నేపాల్ విమానానికి మా వయసు వాళ్లకి ఆధార్ చెల్లదండి. పాస్‌పోర్టు కాని, ఓటరు కార్డు కాని ఉండాలి. రెండూ పెట్టుకున్నాను.

మావయ్య: మరి ఆ వీపు సంచి ఎలా సర్దుతావు? మా చిన్నప్పుడు తాటిదోనెలో సామానెక్కించేటప్పుడు బరువు నడుమనే పెట్టేవాళ్లం. ఒక కొసన పెట్టామా, దోనె తిరగబడేది.

మేనకోడలు: ఇక్కడా అంతే. బరువైనవి వెన్నుకి ఆనుకుని, వీపు మధ్యలో ఉండాలి. తేలికవి అడుగున, చటుక్కున కావలసినవి పైన. నడుం బెల్టు తుంటి ఎముకల మీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం భుజాల నుంచి కాళ్లకి దిగిపోతుంది. భుజాలతోనే మోసేవాళ్లు రెండో రోజుకే మెడ పట్టేసి కూర్చుంటారు.

మావయ్య: తిండి సంగతికి వద్దాం. ఈ సున్నుండలు కూడా వద్దంటావా? దారిలో బసల్లో అన్నీ దొరుకుతాయంటావేమో.

మేనకోడలు: దొరుకుతాయండి. పప్పూ అన్నం కడుపునిండా పెడతారు, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. అందుకే తిండి బరువు అనవసరమనుకున్నాను.

మావయ్య: దొరకడం వేరు, గొంతు దిగడం వేరు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. పద్నాలుగేళ్లు కూడా నిండలేదప్పటికి. ఖమ్మం వైపు కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఆ రోజే ఎక్కాడు. పూర్ణ భువనగిరి గుట్ట దగ్గర మొదలుపెట్టి డార్జిలింగ్, లడఖ్ దాకా శిక్షణ తీసుకున్న పిల్ల. అంత గట్టి పిల్లకి కూడా అక్కడ ప్యాకెట్ల తిండి, సూపుల వాసన పడక కడుపులో తిప్పిందట. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది కదా. ఆకలి లేనప్పుడు నాలుక గుర్తుపట్టే రుచి ఒక్కటే ముద్దని లోపలికి పంపుతుంది.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. పైగా సున్నుండలో నెయ్యి ఉంది. గ్రాము కొవ్వులో తొమ్మిది కెలోరీలు, అదే గ్రాము పిండిపదార్థంలో నాలుగే. బరువు ప్రకారం చూసినా మీ సున్నుండే గెలిచింది. రోజుకి రెండు చొప్పున పెడతాను. కారప్పొడి చిన్న డబ్బాలో పెడతాను. ఆవకాయ మాత్రం వద్దు. నూనె కారితే ఈకల జాకెట్టు పాడైపోతుంది.

మావయ్య: ఆవకాయ తీసేస్తాను. మందులు చూపించు.

మేనకోడలు: జ్వరానికి, విరేచనాలకి, ఓఆర్ఎస్, బొబ్బలకి ప్లాస్టర్లు. నీళ్లలో వేసే క్లోరిన్ మాత్రలు. మంచు మీంచి ఎగిసే వెలుతురుకి కళ్లు దెబ్బతినకుండా నల్లకళ్లద్దాలు. ఎత్తు జబ్బుకి అసిటజోలమైడ్, డాక్టరు గారు చూసి రాసిచ్చినవే. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, అది మామూలే. ఫోనుకి పవర్ బ్యాంకు ఉంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోవాలి. ఇంక లోటేమీ లేదు కదా?

మావయ్య: ఉంది. అన్నిటికంటే పెద్ద లోటు ఇక్కడుంది, ఏ రాత్రి ఎక్కడుంటావో రాసుకున్న ఈ కాగితం మీద. సామాను గ్రాముల్లో తూచావు, రోజులు మాత్రం అడ్డగోలుగా కోసేశావు. దారిలో నామ్చేలో ఒక్క రాత్రేనా? డింగ్‌బోచేలోనూ ఒక్కటేనా? అందరూ రెండేసి రాత్రులు ఆగుతారని నీ గైడు పుస్తకంలోనే ఉంది.

మేనకోడలు: సెలవు దొరకలేదు మావయ్యా. అయినా నేను గట్టిగానే ఉన్నాను. రోజూ గట్టు మీద నడుస్తున్నాను. ఆదివారం గుంటుపల్లి మెట్లు, ద్వారకాతిరుమల కొండ.

మావయ్య: నువ్వు వైద్యం చదివినదానివి, నిజం చెప్పు. ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లకి ఎత్తు జబ్బు రాదా?

మేనకోడలు: వస్తుంది. ఒంటి దృఢత్వానికీ దానికీ సంబంధం లేదు. కుర్రాళ్లు తొందరగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లకే ముందు రావచ్చు.

మావయ్య: మన రాష్ట్రంలోని తూర్పు కనుమల్లో ఎంత పెద్ద కొండైనా 1,700 మీటర్లు దాటదు. నువ్వు మొదటి రాత్రి పడుకునేదే దానికంటే వెయ్యి మీటర్లు పైన కదా? ఇక్కడ ఎన్ని మెట్లెక్కితే ఆ గాలి అలవాటవుతుంది?

మేనకోడలు: ఇక్కడ అలవాటు కాదు. కాళ్లు గట్టిపడతాయి, అంతే. గాలి అలవాటు కావాలంటే అక్కడ రాత్రులు గడపడమొక్కటే దారి. లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, తెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410, ఆ పైన లోబుచే 4,900 దాటుతుంది. మూడువేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. ఆ ఆగే రోజులు సోమరితనం కావు. ఒళ్లు తనని తాను మార్చుకునేది అప్పుడే.

మావయ్య: తెలిసే తీసేశావన్నమాట. నీ సంచిలో లేని వస్తువు అదే. నామ్చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు, లుక్లాలో మబ్బు పట్టి విమానం ఎగరకపోతే ఒకటి రెండు రోజులు. వాటికి తూకం లేదు, పోర్టరు మెడ మీద ఆనవు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల్లో మనవాళ్లు ఎంతమంది రోజుల తరబడి చిక్కుకుపోయారో గుర్తుంది కదా? ఆ కొండల్లో వాన మన తేదీల ప్రకారం కురవదు.

మేనకోడలు: తొందరగా వెళ్లినవాళ్లూ ఉన్నారు కదండి. నెల్లూరు జిల్లా గాంధీజనసంగం నుంచి వచ్చిన మల్లి మస్తాన్ బాబు గారు 2006లో ఏడు ఖండాల్లోని ఏడు శిఖరాలు 172 రోజుల్లో ఎక్కారు.

మావయ్య: మహానుభావుడు. మన తెలుగువాళ్లలో అలాంటి మనిషి పుట్టడం మన అదృష్టం. ఆయన ఒళ్లు, సాధన, ఏళ్ల తరబడి కొండల్లో గడిపిన అనుభవం నీకున్నాయా? అంతటి మనిషి కూడా 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయారు. ఏప్రిల్లో భౌతికకాయం దొరికింది. కొండ ముందు ఎవరి లెక్కయినా తప్పవచ్చని చెప్పడానికి ఆ ఒక్క పేరూ చాలు. మన లెక్కలో తప్పుకి చోటుండాలి. ఆ చోటు పేరే అదనపు రోజు.

మేనకోడలు: మీరన్నది నిజమే. సెలవు కోసం మళ్లీ అడుగుతాను. ఆగే రోజులు తీసెయ్యను. వెనక్కి తిరిగే గుర్తులు కూడా ముందే రాసుకుని ఇద్దరి దగ్గరా పెట్టుకుంటాం. తలనొప్పితో వాంతులుంటే పైకి ఒక్క అడుగు వెయ్యం. నేల మీద గీత గీసి, మడమకి వేళ్లు ఆనిస్తూ ఆ గీత మీద నడిచి చూస్తాం. తూలితే మెదడుకి వాపు వస్తోందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. ఆ రెండిట్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా దిగిపోవాల్సిందే. దారిలో ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆసుపత్రి ఉంది, 1973 నుంచీ నడుస్తోంది. సీజన్లో మధ్యాహ్నాలు ఎత్తు జబ్బు గురించి వచ్చినవాళ్లకి చెబుతారు. వెళ్లి కూర్చుంటాం.

మావయ్య: ఆ గుర్తుల కాగితం నీ సంచిలో పై అరలో పెట్టు. తల తిరుగుతున్నప్పుడు మనిషికి తనకేమీ కాలేదనిపిస్తుంది. అప్పుడు ఆ కాగితం చెప్పినట్టే చెయ్యాలి. మరి సెలవు దొరక్కపోతే?

మేనకోడలు: దొరక్కపోతే వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యాలి.

మావయ్య: వాయిదా ఎందుకు? ఉన్న రోజుల్లో సరిపోయే ఎత్తుకే వెళ్లు. ఎవరెస్టు కనిపించాలంటే బేస్ క్యాంపు దాకా పోవాల్సిందేనా?

మేనకోడలు: అక్కర్లేదు. నిజానికి బేస్ క్యాంపు నుంచి శిఖరం సరిగ్గా కనిపించదు కూడా. తెంగ్‌బోచే బౌద్ధారామం దగ్గర ఆకాశం తేటగా ఉంటే కనిపిస్తుంది. నామ్చేలో రెండు రాత్రులు ఆగినా, ఉన్న సెలవులో అక్కడికి నిదానంగా వెళ్లి రావచ్చు.

మావయ్య: అయితే వరస మార్చు. నువ్వు ఎత్తు ముందు పెట్టుకుని, దానికి సామాను కుదించి, ఆఖర్న రోజులు కోశావు. నేను ఎత్తుకి భయపడి సామాను పెంచాను. ముందు రోజులు లెక్కపెట్టు. ఆ రోజులకి తగిన ఎత్తు ఎంచుకో. ఆ ఎత్తుకి తగిన సామాను పెట్టుకో. ఈ వరసలో వెళ్తే బరువు దానంతటదే తగ్గుతుంది.

మేనకోడలు: సెలవు సంగతి రేపే తేల్చుకుంటాను. సంచి ఆ తర్వాతే సర్దుతాను.